గ్యాస్ గ్రిల్ భగ్గుమంటే భయపడేవాళ్ళ కోసం: మీ ప్రశ్నలు, అక్క జవాబులు

మే నెలాఖరులో మెమోరియల్ డే సెలవు అయ్యిందంటే చాలు, ఇక్కడ అమెరికాలో మనవాళ్ళుండే వీధుల్లో సాయంత్రం అయిదింటికల్లా పెరళ్ళలోంచి మసాలా పొగ లేస్తుంది, నాకు ఉత్తరాలు కూడా సరిగ్గా అప్పుడే మొదలవుతాయి. ఈసారి దాదాపు అన్నీ గ్యాస్ గ్రిల్ గురించే. కాబట్టి ఆవకాయ బూజు గురించి అడిగినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి, మీ జాడీ ఎక్కడికీ పోదు.

ప్రశ్న: అక్కా, మేం ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాం, గృహప్రవేశానికి ఫ్రెండ్స్ అందరూ కలిసి నాలుగు బర్నర్ల గ్యాస్ గ్రిల్ ఇచ్చారు. మొన్న మొదటిసారి వెలిగిద్దామని ఇగ్నైటర్ నొక్కితే టిక్ టిక్ అంది గానీ అంటుకోలేదు, నేనూ వదలకుండా నొక్కుతూనే ఉన్నా, ఆరోసారో ఏడోసారో భగ్గుమని లేచి ముంజేతి మీద వెంట్రుకలన్నీ కాలిపోయాయి. ఇప్పుడు మా ఆవిడ దాని దగ్గరికే వెళ్ళొద్దంటోంది. నేను చేసిన తప్పేంటి?
— ముంజేయి కాల్చుకున్న తమ్ముడు, టెక్సస్

జవాబు: తమ్ముడూ, నీకు వెంట్రుకలే పోయాయి, నాకు కనుబొమ్మ పోయింది. ఈ దేశం వచ్చిన కొత్తలో మా మొదటి గ్రిల్ అది, మూత వేసే ఉంది, నాబ్ తిప్పా, ఇగ్నైటర్ నొక్కా, అంటుకోలేదు, ఏమైందో చూద్దామని వంగి మూత ఎత్తుతూ ఇంకోసారి నొక్కా. అంతే. కుడి కనుబొమ్మ సగం మాయం, ముంగురులు కాలిన కమురు వాసన మూడు రోజులు వదల్లేదు, నెలన్నర పాటు ఐబ్రో పెన్సిల్‌తో దిద్దుకుని ఆఫీసుకి వెళ్ళా, ఎవరు ఇంటికొచ్చినా మా ఆయన ఇప్పటికీ ముందు ఆ కథే ఎత్తుకుంటాడు.

నువ్వు చేసిన తప్పూ నేను చేసిన తప్పూ ఒకటే. ఇంట్లో స్టవ్ ఇలాగే చేస్తాం కదా, లైటర్ టకటకా నాలుగుసార్లు కొడితే అంటుకుంటుంది, ఆ అలవాటే ఇక్కడికీ తెచ్చాం. కానీ స్టవ్ బర్నర్ నలుపక్కలా బయలుగా ఉంటుంది, గ్రిల్ అలా కాదు, అదొక పెట్టె. ఇందులో వాడే ప్రొపేన్ గ్యాస్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, పైకి తేలిపోదు, బానలో నీళ్ళు నిండినట్టు ఆ పెట్టె అడుగు నుంచి నిండుకుంటూ వస్తుంది. నాబ్ తెరిచి ఉంచి నువ్వు నొక్కే ప్రతి టిక్కుకీ లోపల ఇంకాస్త గ్యాస్ చేరుతోంది. ఏడో టిక్కుకి రవ్వ పడింది, అప్పటిదాకా పోగైందంతా ఒక్కసారి అంటుకుంది. గ్రిల్‌లో లోపం ఏమీ లేదు.

ఇక వెలిగించే పద్ధతి. ముందు మూత పూర్తిగా ఎత్తెయ్, సగం కాదు, పూర్తిగా. నాబ్‌లన్నీ ఆఫ్‌లో ఉన్నాయా అని వేలితో ఒక్కొక్కటీ నొక్కి చూడు, పిల్లలున్న ఇంట్లో ఏదో ఒకటి తిరిగే ఉంటుంది. తర్వాత గ్యాస్ ట్యాంక్ మీద వాల్వ్ నెమ్మదిగా తిప్పు, చాలా నెమ్మదిగా, ఎందుకో కింద ఇంకో ప్రశ్నలో చెప్తా. ఇప్పుడు ఇగ్నైటర్‌కి దగ్గరగా ఉన్న బర్నర్ ఒక్కటే హైలో పెట్టి బటన్ నొక్కు. మొహం గ్రిల్ మీద ఉండకూడదు, చెయ్యి చాచి పక్క నుంచే నొక్కాలి. అయిదు సెకన్లు, మనసులో ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టుకో, అంటుకోకపోతే నాబ్ కట్టెయ్, ట్యాంక్ కట్టెయ్, మూత తెరిచే ఉంచి అయిదు నిమిషాలు ఆగు. ఆ అయిదు నిమిషాలూ ఆగడమే కష్టం, నాకు తెలుసు, పది మంది ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉంటారు, ఒక బావగారు వచ్చి "ఇంకోసారి నొక్కమ్మా అంటుకుంటుంది" అంటారు. ఆయన్ని ఉల్లిపాయలు తరగడానికి పంపించెయ్.

ఒక బర్నర్ అంటుకుని మంట కంటికి కనపడ్డాకే పక్కది తెరవాలి, తర్వాత దాని పక్కది. వంట మధ్యలో గాలికి ఆరిపోయినా ఇదే పద్ధతి, అంతా కట్టేసి మూత తీసి అయిదు నిమిషాలు. మాటిమాటికీ ఇగ్నైటర్ మొరాయిస్తుంటే బటన్ విప్పి చూడు, చాలావాటికి లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది, టీవీ రిమోట్‌లో వేసేలాంటిదే, అది అయిపోయుంటుంది. బ్యాటరీ దొరక్కపోతే పక్కన అగ్గిపుల్ల కోసం ఇచ్చిన చిన్న కంత ఉంటుంది, పొడుగు లైటర్ వెలిగించి అక్కడ పెట్టి ఆ తర్వాత నాబ్ తిప్పాలి. గ్యాస్ వదిలి అప్పుడు లైటర్ కోసం జేబులు తడుముకోవడం కాదు.

మీ ఆవిడకి కోపం తగ్గాక ఒకసారి దగ్గర నిలబెట్టి ఇది చూపించు. ఇంట్లో ఒక్కరికే వెలిగించడం, ఆర్పడం తెలిసి ఉంటే సరిపోదు.

ప్రశ్న: ట్యాంక్ మార్చి వారం కూడా కాలేదు, నిండుగా ఉంది. అయినా మంట చిన్న దీపంలా ఉంటోంది, మూత మీద వేడి చూపించే మీటర్ 250 ఫారెన్‌హీట్ దాటట్లేదు. రెగ్యులేటర్ పాడైందని షాపులో కొత్తది కొనమంటున్నారు.
— షార్లట్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కొనకండి, ముందు ఇది చేసి చూడండి. ఇక్కడి ట్యాంక్ కనెక్షన్‌లో ఒక కాపలా ఉంటుంది, గొట్టం తెగిందేమో అనుమానం వచ్చేంత వేగంగా గ్యాస్ దూసుకొస్తే అది దారి దాదాపు మూసేసి సన్నగా వదులుతుంది. మీరు వాల్వ్ గబుక్కున తిప్పేసుంటారు, లేదా నాబ్ ఆన్‌లో ఉండగా ట్యాంక్ తెరిచుంటారు, అది కంగారుపడి బిగుసుకుంది. అంతా కట్టేసి, కనెక్షన్ చేత్తో విప్పి, కొన్ని నిమిషాలు వదిలేసి మళ్ళీ బిగించండి, ఈసారి నాబ్‌లన్నీ ఆఫ్‌లో ఉంచి వాల్వ్ నెమ్మదిగా తిప్పండి. నూటికి తొంభైసార్లు మంట లేస్తుందని నా నమ్మకం. లేవకపోతే అప్పుడు రెగ్యులేటర్ సంగతి.

ప్రశ్న: మా మామగారు విజయవాడ నుంచి వచ్చారు. ఆర్నెల్లు కవర్ కింద ఉన్న గ్రిల్ బయటికి తీశాం, కొంచెం గ్యాస్ వాసన వస్తోందని నేనంటే ఆయన "అగ్గిపుల్ల గీసి గొట్టం వెంబడి చూస్తే లీక్ ఎక్కడో తెలిసిపోతుందమ్మా" అంటున్నారు. మా వారు ఏమీ అనరు, వాళ్ళ నాన్న కదా. మీరైనా చెప్పండి.
— ఎడిసన్ కోడలు, న్యూజెర్సీ

జవాబు: మామగారికి నా నమస్కారాలు చెప్పి, ఆ అగ్గిపెట్టె దేవుడి గూట్లో పెట్టేయమ్మా. ఆయన చెప్పే పద్ధతిలో లీక్ ఎక్కడో తెలుస్తుంది, నిజమే, తెలిసేటప్పటికి చెయ్యి అక్కడే ఉంటుంది.

గిన్నెలు తోమే లిక్విడ్ సగం, నీళ్ళు సగం ఒక గిన్నెలో కలుపు. గ్రిల్ నాబ్‌లన్నీ ఆఫ్, ట్యాంక్ వాల్వ్ మాత్రం తెరువు, చుట్టుపక్కల ఎక్కడా మంట ఉండకూడదు, మామగారి సిగరెట్ ఉంటే అది కూడా. పాత పెయింట్ బ్రష్‌తో ఆ సబ్బు నీళ్ళు వాల్వ్ దగ్గర, కనెక్షన్ మరమీద, గొట్టం పొడుగునా పూయి. లీక్ ఉంటే అక్కడ చిన్న చిన్న బుడగలు పుట్టి పెద్దవవుతాయి, సైకిల్ ట్యూబ్ పంక్చర్ నీళ్ళ తొట్టిలో ముంచి చూడ్డం మామగారికి బాగా తెలిసే ఉంటుంది, ఆ పని ఆయనకే అప్పజెప్పు, ఇద్దరికీ మర్యాదగా ఉంటుంది. మర దగ్గర బుడగలొస్తే కట్టేసి మళ్ళీ బిగించి చూడు. గొట్టం మీద వస్తే గొట్టం మార్చాల్సిందే, టేపు చుట్టడాలు వద్దు. ఉడతలు, ఎలుకలు కూడా ఆ రబ్బర్ కొరుకుతాయి, చలికాలం తర్వాత తప్పకుండా చూడాలి. ట్యాంక్ కట్టేసినా వాసన ఆగకపోతే దాన్ని ముట్టుకోకుండా దూరంగా వెళ్ళి ఫైర్ వాళ్ళకి ఫోన్ చెయ్యండి.

ఇంకొకటుందమ్మా, ఇది చాలామందికి తెలీదు. బర్నర్‌లోకి గ్యాస్ వెళ్ళే గొట్టాలుంటాయి చూడు, నాబ్‌ల వెనకాల, వాటిలో చలికాలమంతా సాలెపురుగులు గూళ్ళు పెడతాయి. చూడ్డానికి అదెంత, చిటికెడు దూది అంత ఉంటుంది, కానీ గ్యాస్ దారికి అడ్డం పడి వెనక్కి తన్నుతుంది, మంట బర్నర్‌లో రావాల్సింది నాబ్‌ల దగ్గర వస్తుంది, అంటే నీ చెయ్యి ఉండే చోట. మా పక్కింటాయన గ్రిల్‌లో నేనే చూశా, ప్లాస్టిక్ నాబ్ ఒకటి వంకర తిరిగి కరిగిపోయింది. సీజన్‌కి ఒకసారి ఆ గొట్టాలు విప్పి, సన్నగా పొడుగ్గా వంగే బ్రష్ దొరుకుతుంది, దాంతో లోపల ఈ చివర నుంచి ఆ చివర దాకా తోయించు. వెలిగించాక మంట నీలంగా ఉంటే సరే, కొసన కాస్త పసుపున్నా పర్లేదు, మొత్తం పసుపుపచ్చగా బద్ధకంగా ఊగుతుంటే ఎక్కడో అడ్డం ఉన్నట్టే.

ప్రశ్న: రెండో అంతస్తు అపార్ట్‌మెంట్, చెక్క బాల్కనీ. చిన్న గ్యాస్ గ్రిల్ పెట్టుకోవచ్చా? లీజింగ్ ఆఫీసులో అడిగితే ఎందుకడిగావా అన్నట్టు చూశారు.
— కొత్తగా పెళ్ళయిన జంట, కొలంబస్

జవాబు: మామూలు ఇరవై పౌండ్ల ట్యాంక్ గ్రిల్ అయితే వద్దు. అమెరికాలో చాలా ఊళ్ళు పాటించే ఫైర్ కోడ్ ప్రకారం అపార్ట్‌మెంట్లలో చెక్కలాంటి అంటుకునే వస్తువుతో కట్టిన బాల్కనీల మీద, అలాంటి గోడకి పది అడుగుల లోపల బొగ్గుల గ్రిల్ గానీ మంట గ్రిల్ గానీ వాడకూడదు, ప్రొపేన్ అయితే ఒక పౌండ్ డబ్బా కంటే పెద్దది అక్కడ ఉంచకూడదు. మంట వస్తే పైకప్పు నుంచి నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లున్న బిల్డింగులకి కొంత సడలింపు ఉంది, కానీ మీ ఊరి రూల్, మీ లీజు కాగితం ఇంకా గట్టిగా ఉండొచ్చు, అందుకే మళ్ళీ వెళ్ళి అడగండి, ఎలా చూస్తే మనకేం. కరెంటు గ్రిల్ ఒప్పుకుంటారేమో కనుక్కోండి. వాన పడుతోందని గరాజ్‌లోకి లాగి వాడే స్నేహితులుంటే మాత్రం వాళ్ళ ఇంటికి భోజనానికి వెళ్ళకండి. మన ఊళ్ళో చలికి గది తలుపులేసుకుని కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళ సంగతి వినే ఉంటారుగా, ఇక్కడా అదే కార్బన్ మోనాక్సైడ్, వాసనుండదు, రంగుండదు. గరాజ్ తలుపు ఎత్తి ఉన్నా సరే.

ప్రశ్న: ఆంటీ, తందూరీ చికెన్ లెగ్స్ ఎప్పుడు చేసినా పైన బొగ్గు, లోపల పచ్చి. ఎముక దగ్గర ఎర్రగా ఉంటోంది. మొన్న ఆదివారం అయితే కింద జిడ్డు అంటుకుని మంటలు లేచాయి, మా రూమ్మేట్ బకెట్ నీళ్ళు తెచ్చాడు, పక్కింటి తాత అరిచి ఆపాడు. ఎందుకు ఆపాడో అర్థం కాలేదు.
— నలుగురు బ్యాచిలర్లు, శాన్ హోసే

జవాబు: బాబులూ, ఆ తాతకి ఒక ప్లేట్ చికెన్ పంపించండి, ఉడికినది. కాలే కొవ్వు మీద నీళ్ళు పోస్తే నీళ్ళు ఒక్కసారి ఆవిరైపోయి మండుతున్న నూనెని నలుపక్కలా చిమ్ముతాయి. బూరెల మూకుడులో తడి చెయ్యి విదిలిస్తే ఏమవుతుందో మీ అమ్మని అడగండి, అది వందింతలు. అలా అంటుకున్నప్పుడు బర్నర్లన్నీ కట్టేసి మూత దించేయాలి, గాలి అందకపోతే అదే చస్తుంది. చెయ్యి కాలకుండా అందుతుందనుకుంటేనే ట్యాంక్ కూడా కట్టండి. చిన్న మంటైతే వంట సోడా గుప్పిట్లతో చల్లొచ్చు. అప్పటికీ ఆగకపోతే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, అది గ్రిల్‌కి నాలుగడుగుల అవతల ఉండాలి, మంట అవతల కాదు. ట్యాంక్ వైపు పాకుతుంటే ఏదీ వద్దు, అందరూ బయటికి, 911.

అసలు అంతదాకా ఎందుకొచ్చిందంటే కింద ట్రే ఎప్పుడూ తీసి చూడలేదు మీరు, పందెం వేస్తా. అందులో పోయిన వేసవి చికెన్ కొవ్వు కూడా ఉంటుంది. ప్రతిసారీ వెలిగించే ముందు అది బయటికి లాగి చూడండి.

ఇక చికెన్. మీరు నాలుగు బర్నర్లూ హైలో పెట్టి నిప్పు మీదే కూర్చోబెడుతున్నారు. మన మసాలాలో పెరుగు, నూనె, అల్లం వెల్లుల్లి ముద్ద ఉంటాయి, ముక్క నుంచి జారి మంట మీద పడగానే ఎగుస్తుంది, పైన మాడుతుంది, లోపలికి వేడి వెళ్ళే టైమే ఉండదు. నేను చేసేది ఇలా: ముక్కకి ఎముక తగిలేదాకా మూడు గాట్లు, మసాలా ముందురోజు రాత్రి పట్టించి ఫ్రిజ్‌లో. మర్నాడు నాలుగు బర్నర్లూ వెలిగించి మూత వేసి పది పదిహేను నిమిషాలు కాగనిస్తా, గమనించండి, మూత మంట అంటుకున్నాకే వేశా. అప్పుడు కుడి పక్క రెండూ ఆపేస్తా. ముక్కల్ని అదనంగా అంటుకున్న పెరుగు దులిపి ఆ ఆపేసిన వైపు పరుస్తా, మూత వేసి మీటర్ 400 దగ్గర నిలబెడితే ముప్పై అయిదు నలభై నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పడం. ఇది కుంపటి కాదు, ఓవెన్ అనుకోండి. చివర్లో మాత్రం మంట వైపుకి జరిపి అటు రెండు నిమిషాలు ఇటు రెండు నిమిషాలు, ఆ నల్ల మచ్చలు అప్పుడొస్తాయి. అక్కడ మాత్రం పట్టకారు చేతిలో పెట్టుకుని నిలబడాలి, ఫోన్ జేబులో.

ఉడికిందో లేదో రంగు చూసి చెప్పకండి. మన ముక్క కారం, పసుపు పట్టి మొదట్నుంచీ ఎర్రగానే ఉంటుంది, పచ్చిదీ అదే రంగు, ఉడికిందీ అదే రంగు. ఎముక దగ్గర ఎరుపు కూడా మజ్జ రంగు వల్ల పూర్తిగా ఉడికాక ఉండొచ్చు. పదిహేను డాలర్లు పెట్టి గుచ్చే థర్మామీటర్ కొనండి, దళసరి చోట ఎముకకి తగలకుండా గుచ్చితే 165 ఫారెన్‌హీట్ రావాలి, లెగ్స్ అయితే నేను 175 దాటనిస్తా, కండ అప్పుడే ఎముక వదులుతుంది. మటన్ కీమా కబాబ్‌కి 160, చికెన్ కీమా అయితే ఆ 165 రావాల్సిందే.

పచ్చి చికెన్ తెచ్చిన గిన్నెలోనే ఉడికింది వెయ్యకండి, మిగిలిన మసాలా నీళ్ళు పైన రాయకండి, రాయాలనుకుంటే ముందు కొంచెం వేరే తీసి పెట్టుకోవాలి. వండింది బయట రెండు గంటలకి మించి వద్దు, ఎండ 90 దాటిన రోజు గంటే. మనవాళ్ళ పార్టీలో ఆరింటికి దించిన చికెన్ పదకొండింటికి కూడా టేబుల్ మీదే ఉంటుంది, అంత్యాక్షరి అయ్యాక మళ్ళీ తింటారు, మర్నాడు కడుపు నొప్పికి గ్రిల్‌ని తిడతారు.

ప్రశ్న: మా అత్తగారు శాకాహారి, మేం తింటాం. గ్రిల్ ఒక్కటే. ఆవిడకి కాల్చిన వంకాయ పచ్చడంటే ప్రాణం, కానీ "ఆ ఇనుప చువ్వల మీద నాకొద్దు" అంటారు. ఎలా?
— అట్లాంటా నుంచి

జవాబు: ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు, ఫాయిల్ వేసి మేనేజ్ చేసెయ్యమని నేను చెప్పను. మీ మోడల్‌కి సరిపడే జాలీ ఇంకొకటి కొని దాని మీద మాంసం ఎప్పుడూ పెట్టకుండా విడిగా గుడ్డ చుట్టి దాచండి, పట్టకారు కూడా వేరేది. గ్రిల్ శుభ్రం చేసుకుని ఆరోజు ముందు ఆవిడ వంట, తర్వాత మీది. అప్పటికీ మనసొప్పకపోతే పక్కన చిన్న ఒంటి బర్నర్ గ్రిల్ పెట్టెయ్యండి, పోయేదేముంది. వంకాయకి నూనె రాసి ఫోర్క్‌తో నాలుగైదు చోట్ల తప్పకుండా పొడవండి, లేకపోతే లోపల ఆవిరి పట్టి ఢామ్మని పేలి వేడి గుజ్జు చేతుల మీద పడుతుంది. పెద్ద వంకాయకి మూత వేసి తిప్పుకుంటూ పాతిక నిమిషాలు, తొక్క ముడతలు పడి తొడిమ దగ్గర నొక్కితే మెత్తగా దిగాలి. దాంతోపాటే నాలుగు టమాటాలు, రెండు పచ్చిమిరపకాయలు, మిరపకాయలకీ గాటు మర్చిపోవద్దు.

ప్రశ్న: ట్యాంక్‌లో ఎంతుందో ఎలా తెలుస్తుంది? సగం చికెన్ అయ్యాక అయిపోతోంది.
— ఒక గృహస్థు, టాంపా

జవాబు: ఒక చెంబుడు వేడి నీళ్ళు, మరిగేవి కాదు, ట్యాంక్ పక్క మీద పోసి చేత్తో తడమండి. గ్యాస్ ఉన్నంత మేర చల్లగా తగులుతుంది, పైన ఖాళీ వెచ్చగా ఉంటుంది, గీత గీసినట్టు తెలుస్తుంది. కాటా ఉంటే ఇంకా సులువు, ట్యాంక్ మెడ మీద టీ, డబ్ల్యూ అక్షరాల పక్కన ఖాళీ బరువు గుద్ది ఉంటుంది, అది తీసేయండి. అదే మెడ మీద తయారైన తేదీ కూడా ఉంటుంది, పన్నెండేళ్ళు దాటితే మళ్ళీ పరీక్ష చేయించకుండా నింపరు. నింపించి తెచ్చేటప్పుడు కారులో నిటారుగా, పడిపోకుండా, కిటికీ దించి, తిన్నగా ఇంటికి. దారిలో ఇండియన్ స్టోర్ దగ్గర ఆగి కరివేపాకు వెతుక్కుంటూ ఎండలో కారులో వదిలెయ్యొద్దు. ఇంటికొచ్చాక గరాజ్‌లో కాదు, బయట నీడలో ఉంచండి.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో టోటల్ ఫైర్ బ్యాన్ రోజున, అంటే ఆరుబయట మంట పెట్టకూడదని ప్రకటించిన రోజున, పిల్లాడి బర్త్‌డే పడింది. గ్యాస్ బార్బెక్యూ వెలిగించొచ్చా, ఫైన్ వేస్తారా?
— పాయింట్ కుక్ నుంచి ఒక అమ్మ

జవాబు: విక్టోరియాలో ఇంటి దగ్గర గ్యాస్ బార్బెక్యూకి అనుమతి ఉందమ్మా, కట్టెలకి, బొగ్గులకి లేదు. కానీ షరతులున్నాయి: చుట్టూ మూడు మీటర్లు ఎండుగడ్డి, ఆకులు లాంటి అంటుకునేవేమీ ఉండకూడదు, కుళాయికి తగిలించిన హోస్ గానీ కనీసం పది లీటర్ల నీళ్ళు గానీ పక్కన ఉండాలి, వెలిగినంతసేపూ పెద్దవాళ్ళొకరు అక్కడే ఉండాలి. ఆ నీళ్ళు గడ్డి అంటుకుంటే పోయడానికి, కొవ్వు మంట మీదకి కాదు, పైన చెప్పా. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్ళు అక్కడి ఫైర్ సర్వీస్ రూల్ చూసుకోండి, ఒకటే ఉండదు. ఇంకోటి, మీ దగ్గర పాత తొమ్మిది కిలోల బాటిళ్ళ మర ఎడమ వైపుకి తిప్పితే బిగుస్తుంది, కొత్తవాటిది మామూలుగా కుడి వైపు. ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకున్నప్పుడు ఏది ఇచ్చారో చూసుకోండి, రెంచ్ పెట్టి బలవంతం చెయ్యొద్దు.

ప్రశ్న: పదిహేనేళ్ళ తర్వాత డల్లాస్ నుంచి హైదరాబాద్ వచ్చేశాం, కంటైనర్‌లో మా గ్రిల్ కూడా తెచ్చుకున్నాం. ఇక్కడి వంటింటి సిలిండర్‌కి తగిలించొచ్చా? ఒక మెకానిక్ అడాప్టర్ చేసిస్తానంటున్నాడు.
— కొండాపూర్ నుంచి

జవాబు: చేసిస్తాడు, ఆ రోజుకి వెలుగుతుంది కూడా, అదే భయం. ఆ గ్రిల్ జెట్లు, అంటే గ్యాస్ చిమ్మే సన్న కంతలు, ఉట్టి ప్రొపేన్‌కి కొలిచి చేసినవి, మన సిలిండర్లో ఉండేది బ్యూటేన్, ప్రొపేన్ కలిసిన ఎల్పీజీ, వాల్వ్ వేరు, రెగ్యులేటర్ వేరు. లేత్ మీద చేసిన ఇత్తడి ముక్క మీద ఆధారపడి టెర్రస్ మీద ఇరవై మందిని పిలవొద్దు. అంత ఇష్టంగా తెచ్చుకున్న వస్తువు, బాధే, కానీ దాన్ని బొగ్గుల గ్రిల్‌గా మార్చుకుందామనే ఇంకో ఐడియా కూడా వద్దు, అడుగు పలకలు ఆ వేడికి చేసినవి కావు. అక్కడి ఎల్పీజీకి తయారైన బార్బెక్యూ కొనుక్కోండి, ఐఎస్ఐ గుర్తున్న రెగ్యులేటర్, ఆరెంజ్ సురక్ష గొట్టం వాడండి. మన గ్యాస్ ప్రొపేన్ కంటే ఇంకా బరువు, పిట్టగోడ పక్కన, మెట్ల గుంటలో నిలుస్తుంది, నలుపక్కలా గాలి ఆడే చోట పెట్టండి. లీక్ అనిపిస్తే 1906కి చెయ్యండి, ఏ కంపెనీ సిలిండర్ అయినా అదే నంబర్.

ప్రశ్న: గ్రిల్ తోమడానికి ఇనుప తీగల బ్రష్ వాడొద్దని మా అమ్మాయి గొడవ చేస్తోంది. ఎక్కడో చదివిందట. నిజమా, ఊరికే భయపెడుతున్నారా?
— సియాటిల్ నాన్న

జవాబు: అమ్మాయి చెప్పింది నిజం అన్నగారూ. పాతబడ్డ బ్రష్ తీగ ఊడి చువ్వకి అంటుకుని, అక్కడి నుంచి ముక్కలోకి ఎక్కి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. 2012లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఒక్క రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్‌లోనే అలాంటి ఆరు కేసులు బయటపెట్టింది. తల వెంట్రుకంత సన్నగా ఉంటుంది, కబాబ్ మీద కొత్తిమీర కాడ అనుకుంటాం.

నేను బ్రష్ మానేసి చాలా ఏళ్ళయింది. గ్రిల్ బాగా కాగాక పెద్ద ఉల్లిపాయ అడ్డంగా సగానికి కోసి, పొడుగు ఫోర్క్‌కి గుచ్చి, కోసిన వైపు కొంచెం నూనెలో అద్ది చువ్వల వెంబడి గట్టిగా రుద్దుతా, అట్ల పెనం మీద అమ్మ రుద్దేది చూడండి, అచ్చం అలాగే. మాడు అంతా దానికే అంటుకుని వస్తుంది, ఒకపక్క నల్లబడితే చాకుతో పలచగా చెక్కేసి మళ్ళీ రుద్దొచ్చు. మరీ మొండి మరకైతే ఫాయిల్ ఉండ చుట్టి పట్టకారుతో పట్టుకుని రుద్దండి. మీ పాత బ్రష్ మాత్రం ఇవాళే చెత్తలో వేసేయండి, గరాజ్ మేకుకి మళ్ళీ తగిలించకుండా.